అణుధూళి తాకని లోయ

అణుయుద్ధం ముగిసిన తరువాతి ప్రపంచాన్ని ఊహించి, బాలబాలికల కోసం వ్రాసిన సాహస నవలలు ఆంగ్లంలో అనేకం ఉన్నాయి. సైన్సు విద్యార్థి వాటిలో ప్రత్యేకంగా పరిశీలించదగినది ‘జెడ్ ఫర్ జకరయ్యా’. రచయిత రాబర్ట్ సి. ఓబ్రయన్ అమెరికన్. ఆయన 1973లో మరణించగా, మిగిలిన భాగాన్ని భార్య, కుమార్తె పూర్తిచేశారు. పుస్తకం 1974లో వెలువడింది.

కథ ఇది. ఒక చిన్న లోయలో ఆన్ అనే పదహారేళ్ళ బాలిక ఒంటరిగా మిగిలి, వ్యవసాయం చేసుకుంటూ బ్రతుకుతుంటుంది. ఒకనాడు ప్లాస్టిక్ కవచం ధరించిన లూమిస్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు అక్కడికి వస్తాడు. గైగర్ కౌంటరుతో గాలిని పరీక్షించి, అపాయం లేదని తెలియగానే ఆనందం పట్టలేక కవచం విప్పి వాగులో స్నానానికి దిగుతాడు. నీటిని మాత్రం పరీక్షించడు! ఆ వాగు లోయ బయటి నుంచి వస్తున్నది. అందులో చేపలు చచ్చాయి, గట్టున పచ్చిక ఎండింది. కొత్తవాడన్న భయంతో దాగి ఉన్న ఆన్ అతనిని వారించలేకపోతుంది. అతడు తీవ్రంగా జబ్బు పడతాడు.

ఇందులో శాస్త్రసమ్మతమైనది ఎంత? అణుబాంబు నేలమీద ప్రేలినప్పుడు మట్టి ఆవిరై, విచ్ఛిత్తి వల్ల పుట్టిన రేడియోధార్మిక పదార్థాలతో కలిసి ధూళిగా రాలుతుంది. ఇదే అణుధూళి. దీని తీవ్రత తగ్గే తీరును ఒక స్థూల సూత్రంతో చెప్పవచ్చు: కాలం ఏడు రెట్లయితే తీవ్రత పదవ వంతు అవుతుంది. గంట తరువాత 1000 పాళ్ళు ఉంటే, 7 గంటలకు 100, 49 గంటలకు 10, రెండు వారాలకు 1. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో గ్రాఫుగా గీయించవచ్చు. ఈ లెక్కన ఏడాది తరువాత కూడా లోయ బయట ఎటు చూసినా మృత్యువే అనడం కొంత అతిశయోక్తి.

అయితే దీర్ఘకాలం నిలిచేవీ ఉన్నాయి. అయొడిన్-131 అర్ధజీవితకాలం 8 రోజులే. స్ట్రాంషియం-90కి దాదాపు 29 సంవత్సరాలు, సీసియం-137కి 30. స్ట్రాంషియం కాల్షియంను పోలినది కనుక గడ్డి నుంచి ఆవు పాలలోకి, పాల నుంచి ఎముకలలోకి చేరుతుంది. నీటిని మరగబెడితే క్రిములు చస్తాయి గాని రేడియోధార్మికత పోదు. ఈ విషయం చాలామంది ఎరుగరు.

లోయ క్షేమంగా ఉండడానికి అక్కడి గాలి బయటి గాలితో కలవదని రచయిత కారణం చెప్పాడు. రాత్రివేళ చల్లని గాలి లోయలో దిగి నిలవడం, పైనున్న వెచ్చని గాలి మూతలా కప్పడం నిజమే. అరకులో శీతకాలపు ఉదయాలలో మంచు అలా నిలుస్తుంది. కాని ఎండ ఎక్కితే ఆ మూత విడిపోతుంది. ఏడాది పొడుగునా నిలిచే మూత ప్రకృతిలో లేదు. ఇక కవచం సంగతి: ప్లాస్టిక్ పొర ఆల్ఫా కణాలను ఆపుతుంది, ధూళిని ఒంటికి అంటనీయదు, గామా కిరణాలకు మాత్రం మందమైన సీసమో, కాంక్రీటో కావాలి.

జబ్బు వర్ణన మాత్రం మెచ్చదగినది. మొదట వాంతులు, ఆపై కొన్ని రోజులు కులాసాగా ఉన్నట్లు తోచడం, తరువాత తీవ్ర జ్వరం. వికిరణం ఎముకల మూలుగను దెబ్బతీసినా, రక్తంలో అప్పటికే ఉన్న కణాలు తరిగేవరకు ఫలితం బయటపడదు. అందుకే ఆ మధ్యకాలం.

కోలుకున్న లూమిస్ ఆన్‌పై అధికారం చలాయించబోగా, ఆమె అతని కవచాన్నే ధరించి లోయను విడిచిపోతుంది. వెళ్ళేముందు అతడు ఒక్క మేలు చేస్తాడు: పడమటి దిక్కున పక్షులు తిరుగుతుండగా చూశానని చెబుతాడు. పక్షులున్నచోట వాటికి తిండీ, నీరూ ఉండాలి కదా! ఆమె అటే నడుస్తుంది.