హేమంతంలో హైదరాబాదు

నగరాన్ని చూడటం వేరు, నగరంలో తిరగటం వేరు. వాహనంలో వచ్చి, నాలుగు ఫోటోలు తీసుకొని, సాయంత్రానికి తిరిగి వెళ్లేవారికి కట్టడాలు మాత్రమే కనబడతాయి. కాలినడకన తిరిగేవారికి ఆ కట్టడాల వెనుక ఉన్న మనుషులు, వారి శ్రమ కూడా కనబడతాయి. హైదరాబాదు పాతనగరంలో అలా తిరగటానికి అనువైన ఋతువు హేమంతం. మార్గశిర, పుష్య మాసాలలో వేకువజామున ఉష్ణోగ్రత 15 డిగ్రీల చేరువకు దిగుతుంది. మధ్యాహ్నపు ఎండ సైతం హాయిగొలుపుతుంది. వేసవిలో అడుగు వేయనీయని వీధులే ఈ కాలంలో రమ్మని పిలుస్తాయి.

పాతనగరంలో చలికాలపు ఉదయం పొగలు కక్కే నహారీతో మొదలవుతుంది. పగలు అని అర్థమిచ్చే అరబ్బీ పదం నుండి ఈ పేరు వచ్చింది. మాంసాన్ని సుగంధ ద్రవ్యాలతో కలిపి రాత్రంతా సన్నని సెగపై ఉడికిస్తారు. ఊరు నిద్రించే వేళ వంటవాడు మేలుకొని ఉంటేనే తెల్లవారేసరికి అది సిద్ధమవుతుంది. నాలుగు కోణాలు గల చార్‌కోనీ నాన్‌ను దానితో తింటారు. శాకాహారులకు ఇరానీ చాయ్ ఉండనే ఉంది. ఇరాన్ నుండి వలస వచ్చిన వారు నెలకొల్పిన హోటళ్ల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. డికాక్షన్‌ను, పాలను వేర్వేరుగా మరిగించి, కప్పులో కలపటం దాని ప్రత్యేకత. తీపిలో కొంచెం ఉప్పు తగిలే ఉస్మానియా బిస్కట్టు దానికి తోడు.

అక్కడి నుండి అడుగులు మూసీ ఒడ్డున గల సాలార్‌జంగ్ మ్యూజియం వైపు సాగుతాయి. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ తన సంపదను, జీవితాన్ని కళాఖండాల సేకరణకే వెచ్చించాడు. ఆయన 1949లో అవివాహితుడుగానే మరణించాడు. ఒక్కరి ఆనందం కోసం సమకూడిన ఆ నిధి 1951 డిసెంబరు 16న ప్రజల ముందుకు వచ్చింది. ఆనాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1968లో అది నేటి భవనానికి మారింది.

అన్ని గదులను ఒక్క పూటలో చుట్టివచ్చేవారికి చివరకు కాళ్లనొప్పులే మిగులుతాయి. ఒకటి రెండు వస్తువుల ముందు నిదానంగా నిలిచినవారికి కళ పలుకుతుంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా అటువంటిది. మొదటి సాలార్‌జంగ్ 1876లో దానిని రోములో కొన్నాడు. ముఖంపై జారిన పలుచని వస్త్రం, దాని చాటున కనబడే కనుముక్కుతీరు రెండూ పాలరాయే. రాతిని వస్త్రంగా భ్రమింపజేసిన ఆ ఉలి నేర్పు క్షణంలో అర్థమయ్యేది కాదు.

మ్యూజియం నుండి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినారుకు నడిచి వెళ్లవచ్చు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాదిమందిని బలిగొన్నది. ఆ విషాదం తరువాత జరిగిన నగర పునర్నిర్మాణంలో ఇక్కడి రాతి కమానుల దుకాణాల వరుస రూపుదిద్దుకొన్నది. మచిలీ కమాను, గుల్జార్ హౌజ్ దాటగానే చార్మినారు ఎదుట నిలుస్తుంది. 1591లో దీనిని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా కవి. ఋతువులను, పండుగలను, పండ్లను కూడా కవితా వస్తువులుగా స్వీకరించిన రసికుడు. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని ఆత్మీయంగా పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

చార్మినారుకు పడమటి దిక్కున లాడ్‌బజారు ఉంది. అక్కడి లక్కగాజుల మెరుపు ఎవరినైనా ఆకర్షిస్తుంది. అయితే ఆ మెరుపు వెనుక నిప్పుల సెగ ఉంది. కరిగించిన లక్కను వేడి ఆరకముందే చేతితో సాగదీసి, గుండ్రంగా వంచి, రంగురాళ్లను ఒక్కొక్కటిగా అద్దాలి. ఆలస్యమైతే లక్క గట్టిపడుతుంది. తొందరపడితే వేళ్లు కాలుతాయి. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు పేరును కాపాడగలదు; పనిని కాపాడవలసింది కొనేవారి ఆదరణే. గాజులు తయారయ్యే చోట కాసేపు నిలబడి చూసినవారికి బేరమాడే నోరు దానంతట అదే తగ్గుతుంది.

జనవరి నెలలో వచ్చేవారికి సాయంకాలం నాంపల్లిలో నుమాయిష్ స్వాగతం పలుకుతుంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు ఆరంభించిన ప్రదర్శన ఇది. దేశం నలుమూలల చేతిపనులు ఇక్కడ ఒక్కచోట చేరుతాయి. దీని ఆదాయం విద్యాసంస్థల నిర్వహణకు తోడ్పడుతుంది.

వంటవాడి జాగారం, శిల్పి ఉలి, గాజుల కార్మికుని వేళ్లు – ఈ మూడింటికీ మూలం ఓర్పే. ఓర్పుతో సృష్టించినదానిని ఓర్పుతోనే ఆస్వాదించాలి. మ్యూజియంలోని రెబెక్కాను గాజు తలుపులు, కావలివారు కాపాడుతున్నారు. వీధిలోని కళకు అటువంటి కాపలా లేదు. దారిన పోతూ ఆగి చూసే మనిషే దానికి కావలి.