బడికీ చెరువుగట్టుకూ మధ్య

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో పరుచుకున్న కొల్లేరు సరస్సు చుట్టూ, ఒక పూటలో వెళ్లి రాగలిగినంత దూరంలోనే ఎన్నో రకాల పనిచోట్లు ఉన్నాయి. కైకలూరు, మండవల్లి, ఆకివీడు ప్రాంతాల్లో చేపల, రొయ్యల చెరువులు, వాటిని ఆనుకొని ఐసు ఫ్యాక్టరీలు, ప్యాకింగ్ షెడ్లు, నీటిని పరీక్షించే ల్యాబులు కనిపిస్తాయి. పెదవేగి వైపు ఆయిల్‌పామ్ తోటలు, ఆ పంట కోసమే 1995లో ఏర్పడిన జాతీయ పరిశోధనా కేంద్రం ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులు, ఉల్లి మార్కెట్టు, ఆ పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీల నేత ఉన్నాయి. ఇన్ని ఉన్నా, పదో తరగతి ముగించిన పిల్లల ఇళ్లలో సాధారణంగా వినిపించే మాటలు ఎంపీసీ, బైపీసీ, పాలిటెక్నిక్, ఐటీఐ మాత్రమే. కోర్సు పేరు తెలిసినంతగా, ఆ చదువు ముగిశాక ఎవరి దగ్గర, ఏ పరికరంతో, ఎలాంటి పని చేయవలసి ఉంటుందో ఆ వయసు పిల్లలకు తెలియదు. అదే విధంగా, పని తెలిసిన మనిషి దొరకడం లేదని చెప్పే యజమానికి తన ఊరి ఉన్నత పాఠశాలలో ఏ పాఠం చెబుతున్నారో తెలియదు.

ఈ రెండు వైపులనూ కలిపే ప్రయత్నాన్ని విద్యావేత్తలు పాఠశాలలకూ యాజమాన్యాలకూ మధ్య అనుసంధానం అంటారు. ఇందులో నాలుగు మెట్లు ఉంటాయి. పనిచేసేవారు తరగతికి వచ్చి తమ వృత్తి గురించి చెప్పడం మొదటిది, విద్యార్థులు పనిచోటును చూసి రావడం రెండవది, కొన్ని రోజులో వారాలో అక్కడే ఉండి పనిని దగ్గర నుంచి గమనించడం మూడవది, భృతి తీసుకుంటూ నిర్ణీత కాలం పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ నాలుగవది. బ్రిటన్‌లో 19 నుంచి 24 ఏళ్ల యువతను ప్రశ్నించి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, బడిలో ఉండగా నాలుగు లేదా అంతకంటె ఎక్కువసార్లు యాజమాన్యాలతో పరిచయం కలిగినట్లు గుర్తున్నవారు చదువూ ఉద్యోగమూ లేకుండా ఉండిపోయే అవకాశం, అలాంటి పరిచయమే లేనివారితో పోలిస్తే అయిదో వంతుగా తేలింది. కుటుంబ నేపథ్యం వంటి ఇతర కారణాలూ ఇందులో కలిసి ఉండవచ్చు గనుక ఆ ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేము. కాని ఒక్కసారి జరిపే పెద్ద సభకంటె, చిన్నవైనా పదేపదే జరిగే పరిచయాలు మేలు చేస్తాయన్న సూచన అందులో ఉంది.

భారతదేశంలో ఈ ఆలోచన కొత్తది కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ చదువులో పని అనుభవం భాగం కావాలన్నది. 1986 జాతీయ విద్యావిధానం 1995 నాటికి ఇంటర్మీడియట్ స్థాయి విద్యార్థుల్లో 25 శాతం మందిని వృత్తి విద్య వైపు మళ్లించాలన్న లక్ష్యం పెట్టుకుని దాని దరిదాపులకు కూడా చేరలేకపోయింది. 2020 విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా పిల్లలు స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు వంటి వారి దగ్గర గడపాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ వృత్తి విద్యా కోర్సుల్లో పనిచోట శిక్షణ, పాలిటెక్నిక్ డిప్లొమాలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ, డిగ్రీలో 2020–21 నుంచి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. వృత్తి విద్య తీసుకుంటే పై చదువులకు దారి మూసుకుపోతుందన్న తల్లిదండ్రుల భయాన్ని తీర్చడానికి, సాధారణ ఇంటర్ సబ్జెక్టులను అదనంగా చదివి పరీక్ష రాసే బ్రిడ్జి కోర్సు కూడా ఉంది.

నిబంధనలు ఇన్ని ఉన్నా కొల్లేరు ప్రాంతంలో అవి పూర్తిగా అక్కరకు రాకపోవడానికి ఒక కారణం, అవి ఊహించుకున్న యజమాని వేరు, ఇక్కడి యజమాని వేరు కావడం. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉంటే అది ఐచ్ఛికం. రొయ్యలను శుద్ధి చేసి ఎగుమతి చేసే ప్లాంటుకు ఈ లెక్క సరిపోతుంది. కాని చెరువు రైతు దగ్గర ఒక కాపలాదారు, మేత వేసే ఇద్దరు మనుషులు ఉంటారు. పట్టుబడి రోజున వల లాగడానికి వచ్చే ముఠా సాయంత్రానికి మరో చెరువుకు వెళ్లిపోతుంది. ఇక్కడి ఉపాధిలో పెద్ద భాగం ఒకే కప్పు కింద ఉండదు. హేచరీలో పుట్టిన సీడు చెరువుకు, చెరువులోని సరుకు ప్యాకింగ్ షెడ్డుకు, అక్కడి నుంచి ఐసులో సర్దుకుని లారీలో బెంగాల్‌కో అస్సాంకో చేరే గొలుసులో అది పరుచుకుని ఉంటుంది. అందువల్ల ఇక్కడ బడిని కలపవలసింది ఏదో ఒక కంపెనీతో గాక, ఈ మొత్తం గొలుసుతో.

ఆ గొలుసులో పాఠ్యపుస్తకం ఎంత ఉందో తెలియాలంటే తెల్లవారుజామున చెరువుగట్టు మీద జరిగే పనిని చూడాలి. నీటిలోని పచ్చని సూక్ష్మ మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. రాత్రి ఆ క్రియ ఆగిపోగా, అవీ చేపలూ అడుగు బురదలోని బాక్టీరియా కూడా శ్వాసించి అదే ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అందుచేత నీటిలో కరిగిన ఆక్సిజన్ సూర్యోదయానికి ముందు అతి తక్కువ స్థాయికి పడిపోతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే బొచ్చె, శీలావతి చేపలు హాయిగా ఉంటాయి. 3 కంటె దిగితే రైతుకు ఆందోళన మొదలవుతుంది, ఇంకా తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. రొయ్యల చెరువులో నీటికి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరగడానికి కారణం ఇదే. మబ్బు పట్టిన రోజు తర్వాతి రాత్రి ప్రమాదం ఎందుకు ఎక్కువో జీవశాస్త్రం పుస్తకం పట్టుకున్న విద్యార్థి చెప్పగలగాలి. చెరువు రైతు అనుభవంతో ఆ సంగతి ముందే ఎరుగును. ఈ ఇద్దరూ ఒక ఉదయం మాట్లాడుకుంటే పాఠానికి పని దొరుకుతుంది, పనికి కారణం దొరుకుతుంది.

మిగతా మజిలీలూ ఇలాంటివే. ఐసు ఫ్యాక్టరీలో ద్రవ అమ్మోనియా ఆవిరిగా మారుతూ ఉప్పునీటి తొట్టిలోని వేడిని పీల్చుకోగా, ఆ తొట్టిలో దించిన డబ్బాల్లోని మంచినీరు దిమ్మగా గడ్డకడుతుంది. రొయ్యల ధర కౌంట్ మీద ఆధారపడుతుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్యే కౌంట్ గనుక, 100 కౌంట్ కంటె 30 కౌంట్ రొయ్య పెద్దది, ఖరీదైనది. ఎగుమతి సరుకులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధిత యాంటీబయాటిక్‌ల అవశేషాలు బయటపడితే కొనుగోలు దేశం తిప్పి పంపుతుంది. అందుకే రసాయన పరీక్షలు తెలిసినవారికి, రికార్డులు తప్పు లేకుండా రాయగలవారికి గిరాకీ ఉంది. కొల్లేరు పిల్లలకు చెరువు అనగానే మేత బస్తా, వల మాత్రమే కళ్లముందు మెదిలినంత కాలం ఈ ఉద్యోగాలు బయటివారివిగానే ఉంటాయి.

చిన్న యజమానులతో శిక్షణ సాధ్యమేనా అన్న సందేహానికి ఇక్కడే సమాధానం ఉంది. వ్యవసాయ, ఉద్యాన డిగ్రీ విద్యార్థులు చివరి సంవత్సరంలో గ్రామాలకు వెళ్లి, ఒక్కొక్కరు ఒక్కొక్క ఆతిథేయ రైతుతో జతపడి, పంట పనుల్లో పాలుపంచుకునే పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. సుమారు మూడింట రెండు వంతుల యువత అప్రెంటిస్‌షిప్ ద్వారానే వృత్తిలోకి వచ్చే స్విట్జర్లాండ్‌లో, ఒంటరిగా పూర్తి శిక్షణ ఇవ్వలేని చిన్న సంస్థలు జట్టుగా ఏర్పడి, ఒకే అప్రెంటిస్‌కు వంతులవారీగా పని నేర్పుతాయి. ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే, ఒక మండలంలో కొందరు చెరువు రైతులు, ఒక ల్యాబు, ఒక ఐసు ఫ్యాక్టరీ, ఒక ప్యాకింగ్ షెడ్డు, ఒక ఎగుమతి ప్లాంటు కలిసి ఒక జట్టుగా నిలబడటం, వారికీ పాఠశాలలకూ మధ్య తేదీలు కుదిర్చే బాధ్యతను ఒక ఉపాధ్యాయుడికి తీరిక గంటలతో సహా అప్పగించడం అసాధ్యం కాదు. పట్టుబడి ముమ్మరంగా ఉన్నప్పుడు యజమానికి, పరీక్షలప్పుడు బడికి తీరిక ఉండదు గనుక, ఆ తేదీలు జూన్‌లోనే ఖాయం కావాలి.

జాగ్రత్తలూ అంతే ముఖ్యం. 2016లో సవరించిన బాల, కౌమార కార్మికుల చట్టం కుటుంబ పనుల వంటి కొద్ది మినహాయింపులతో 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని, 14 నుంచి 18 ఏళ్ల మధ్యవారిని ప్రమాదకర పనుల్లో పెట్టడాన్ని నిషేధించింది. తడి గట్టు మీద ఏరేటరు కరెంటు తీగ, ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకు ప్రాణాలు తీయగలవు కాబట్టి పాఠశాల విద్యార్థి అక్కడ చూడాలి, అడగాలి, రాసుకోవాలి, యంత్రాన్ని ముట్టుకోకూడదు. పని అనుభవం పేరుతో కూలి లేని కూలీలను సమకూర్చుకునే వీలు యజమానికి ఉండకూడదు. మత్స్యకారుల పిల్లలను వల దగ్గరికి, ఆడపిల్లలను రొయ్యల తొక్కతీసే బల్ల దగ్గరికి మాత్రమే పంపితే, అనుసంధానం పాత గీతలనే మళ్లీ దిద్దినట్లవుతుంది.

ఒకే రకం యజమానిని నమ్ముకోవడం ఎంత ప్రమాదమో కొల్లేరు చరిత్రే చెబుతుంది. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు రేఖ) వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన ఈ సరస్సు 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో సరస్సు లోపలి అక్రమ చెరువు గట్లను తొలగించినప్పుడు, వాటిపై బతికిన కుటుంబాల ఉపాధి తలకిందులైంది. కాబట్టి విద్యార్థి సందర్శించే చోట్లలో ఆటపాక పక్షుల కేంద్రంలో పనిచేసే అటవీ సిబ్బంది, సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు ప్రవాహాన్ని చూసే ఇంజనీర్లు, పెదవేగి శాస్త్రవేత్తలు కూడా ఉండాలి.

పదో తరగతి పూర్తయ్యేలోపు ప్రతి విద్యార్థీ కనీసం నాలుగు వేర్వేరు పనిచోట్లను చూసి, ఒక్కో చోట ఏ చదువు అవసరమో, జీతం ఎంతో, పైమెట్టు ఏదో అడిగి తెలుసుకుంటే, ఎంపీసీయా బైపీసీయా వృత్తి విద్యా అన్న నిర్ణయం మార్కుల మీదా చుట్టాల మాట మీదా మాత్రమే ఆధారపడదు. దీనికి కొత్త భవనాలు అక్కరలేదు. పాఠశాల కాలపట్టికలో కొన్ని రోజులు, యజమాని దగ్గర కొన్ని గంటలు కేటాయిస్తే చాలు.