ఆడక మిగిలిన యాటలు

కొన్న చీరను మడత విప్పక బీరువాలో నుంచుట స్త్రీలకే చెల్లినదని పురుషులు పరిహసించుచుందురు. వారి కంప్యూటరు ఆటల జాబితాలను చూచినచో నా పరిహాసము నిలువదు. తక్కువ వెలకు వచ్చినదని కొని, పిదప తలచుకొననైన తలచుకొనని యాటలు పదులకొలదిగ నున్న యిండ్లు నేడు పెక్కులు. మా మరిది జాబితాలో 64 ఆటలు గలవు. అందు 41 ఒక్కమారైనను తెరువనివి.

పూర్వము ఆటలు సీడీలుగా పెట్టెలలో వచ్చెడివి. పెట్టెలు కంటికి కనబడును, అలమరలో చోటు చాలకపోవును. అమెరికాలోని వాల్వ్ సంస్థవారు 2003లో వెలువరించిన స్టీమ్ క్రమముగా గొప్ప యంగడి యైన పిమ్మట, కొన్నదెల్ల ఖాతాలో జేరి కంటి కడ్డురాకున్నది. వేసవి, శీతకాలపు తగ్గింపులలో నూరు రూపాయల యాట ఇరువదికే దొరకుట కలదు. 2018లో వెలసిన ఎపిక్ గేమ్స్ స్టోరువారు కొన్ని యాటలను ఉచితముగనే పంచిపెట్టుచున్నారు. ఊరక వచ్చినదానిని కాదను వారెవరు? ధర్మరాజు ఆడి పోగొట్టుకొనెను. నేటివా రాడకయే పోగొట్టుకొనుచున్నారు.

వెల సంగతి యటుండనిండు. ఇల్లాండ్రకు లెక్కింపదగినది కాలము. ఆట యొక్కటికి 15 గంటలనుకొన్నను 41 ఆటలకు 615 గంటలగును. పిల్లలు నిదురించి, వంటిల్లు కడిగి, మినుములు నానవేసిన పిమ్మట మాకు మిగులునది అరగంట. ఆ చొప్పున 1,230 రాత్రులు, అనగా మూడేండ్లు దాటి నాలుగు నెలలు! ఈ లెక్క చూపగా మరిది నవ్వి, "వదినా, అన్నియు నాడి తీరవలెనని యెవరన్నారు?" అనెను. ఆతని కాలేజీ చదువులో అట్టి తీరికయు లేదు. 2024 నుండి స్టీమ్‌లో ఒక యింటివారు 6 గురి వరకు కుటుంబముగా జేరి, ఒకరు కొన్న యాటలను చాలవరకు తక్కినవారును ఆడుకొన వీలున్నది. అట్లా నిలువ మా వంతునకు వచ్చినది.

ఇవి పాడగు వస్తువులు కావు, మెల్లగ నాడవచ్చునందురు. చింతపండు జాడీకిని వీనికిని భేదమున్నది. జాడీలోనిది మనది, ఖాతాలోనిది ఆడుకొనుటకు మనకిచ్చిన యనుమతి మాత్రమే. ఈ సంగతి కొనువారికి స్పష్టముగ తెలుపవలెనని కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2024లో చట్టము చేసిరి. 2014లో వచ్చిన ది క్రూ అను కార్ల పందెపు టాటకు ఆధారమైన సర్వర్లను యూబీసాఫ్ట్ సంస్థవారు 2024 మార్చి 31న నిలిపివేయగా, వెల యిచ్చి కొన్నవారికిని అది యాడ వీలులేకపోయెను. కావున ఇంటర్నెట్టుపై నాధారపడిన వానిని ముందుగ నాడవలెను.

పిదప చిన్నవానిని వేరుచేయవలెను. జర్నీ (2012) రెండు గంటల యాట. యాత్రికు డొకడు ఇసుక తిన్నెలు దాటి కొండకు పోవుటయే కథ. మాట యొక్కటియు లేదు. మాకు నాలుగు రాత్రులు పట్టినది. బుద్ధికి పదును పెట్టు పోర్టల్ (2007) ఎనిమిది రాత్రులు. విచర్ 3 (2015) ముఖ్యకథకే ఇంచుమించు 50 గంటలు కావలయును గనుక దానిని బడి సెలవులకై యుంచితిమి. ఇట్టి పెద్ద యాటను నడుమ నాపి నెల గడచిన పిమ్మట తెరచినచో ఏ మీట యెందులకో, ఎవడు శత్రువో జ్ఞప్తికి రాదు. ఆపునప్పుడే మూడు పంక్తులు చీటిపై వ్రాసికొనవలెను.

గృహిణులకు మిక్కిలి యనుకూలమైనది స్టార్‌డ్యూ వ్యాలీ (2016). ఎరిక్ బరోన్ అను నతడు నాలుగేండ్లకు పైగా శ్రమించి చిత్రములు, సంగీతము, సర్వమును తానే కూర్చెను. తాతగారి పాడుపడిన పొలమును బాగుచేసికొనుటయే యందలి పని. అందలి దినము మన గడియారమున 14 నిమిషములు. రాత్రి పరుండగనే జరిగినదంతయు భద్రమగును. పొయ్యిమీద పాలుండగా వలదుగాని, పిల్లవాడు ఎక్కములు వల్లించుచుండగా నొక దినము గడపవచ్చును. చిక్కేమన, దీనికి ముగింపు లేదు. జాబితానుండి కొట్టివేయుట యెన్నడో తెలియదు.

నచ్చని యాటను నడుమ విడుచుట తప్పని కొందరి తలపు. ప్రబంధమున రెండాశ్వాసములు చదివి, రుచింపకున్న మూసివైచుట లేదా? మేము ప్రతి యాటకును రెండు రాత్రు లిచ్చి చూచుచున్నాము. క్రొత్తగ కొన్నవానికి మరియొక గడువున్నది: కొన్న 14 దినములలోపల, రెండు గంటలు మించి యాడకున్నచో, అడిగినవారికి స్టీమ్‌వారు సొమ్ము తిరిగి యిత్తురు. తెరువకయే యుంచినవారి కా గడువు ఊరక దాటిపోవును.

ఇల్లాలి కీ యాటలేల యని మాతో ననినవారును గలరు. వారింటి పురుషులు నడిరేయి దాక ఆడుచుండగా వా రేమియు ననరు. పగలెల్ల పరులకై వెచ్చించినవారి కొక యరగంట తమదిగ నుండరాదా? మాస్టరుగారు మాత్రము మా లెక్కల కాగితమును సరిచూచి, సున్న యెక్కడను తప్పలేదనిరి.

41లో ఇప్పటికి 7 ముగించితిమి, 12 విడిచితిమి. మిగిలినవి 22. మొన్నటి తగ్గింపులో మరిది మరి మూడు కొన్నాడు; వానిలో రెండు చిన్నవేయట.