పాత మారుతి వెనుక చక్రాల బేరింగులు: ఇంటి వద్ద మార్చుకొనే విధానం

మారుతి 800 కారు 1983 డిసెంబరులో మన దేశంలో అడుగుపెట్టింది. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోయింది. అయినను సరిహద్దు గ్రామాలలో ఆ కారు ఇంకా కనిపిస్తూనే ఉన్నది. అర్ధరాత్రి పురిటి మనిషిని పట్టణపు ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినప్పుడు ఇంటి ముందున్న ఆ పాత కారే దిక్కు. అటువంటి వేళ చక్రం దారిలో బిగుసుకొనిపోకుండా ఉండవలెనంటే వెనుక బేరింగుల సంగతి ముందుగానే తెలుసుకొనుట మంచిది.

ఈ కారులో ఇంజను శక్తి ముందు చక్రాలకే అందుతుంది. వెనుక చక్రాలు బరువును మోస్తూ దొర్లుతాయి, అంతే. అందుచేత వాటి అమరిక సులభమైనది. ఇరుసు కొన మీద బ్రేకు డ్రమ్ము, అందులో రెండు బాల్ బేరింగులు, వాటి నడుమ స్పేసరు అనే చిన్న గొట్టం, చివర గాడుల నట్టు, అది వదులు కాకుండా స్ప్లిట్ పిన్ను ఉంటాయి. అంబాసిడర్ వంటి కార్లలో ఇంజను వెనుక చక్రాలనే త్రిప్పుతుంది కనుక ఈ పద్ధతి వాటికి వర్తించదు.

చెడినట్లు గుర్తించడం ఎలా?

వేగం పెరిగిన కొద్దీ వెనుక నుండి హోరు పెరుగుతుంటే బేరింగును అనుమానించవలెను. కుడివైపు మలుపు తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు హెచ్చితే లోపం సాధారణంగా ఎడమవైపు ఉన్నట్లు. చక్రాన్ని పైకెత్తి, పైనా క్రిందా పట్టుకొని కదిలించినప్పుడు ఆట కనిపించినా, చేతితో త్రిప్పినప్పుడు గరగరమన్నా బేరింగు మార్చవలసిందే. వాగు నీరు లోనికి చేరడం, గ్రీజు ఎండిపోవడం, అధిక బరువు మోయడం ఇందుకు ముఖ్య కారణాలు.

బేరింగు కొనేటప్పుడు

బేరింగు మీద చెక్కిన సంఖ్యను చూసి అదే సంఖ్య గలది కొనవలెను. ఉదాహరణకు 6304 అని ఉంటే చివరి 04ను 5తో గుణించగా 20 మిల్లీమీటర్లు. అది లోపలి రంధ్రం కొలత. బళ్లారిలో కన్నడంలో అడిగినా, హోసూరులో తమిళంలో అడిగినా, పర్లాకిమిడిలో ఒడియాలో అడిగినా ఈ సంఖ్య మారదు. ఆయిల్ సీలు ఉంటే క్రొత్తది, స్ప్లిట్ పిన్ను తప్పక క్రొత్తది తీసుకోవలెను.

విప్పే విధానం

సమతలమైన గట్టి నేల మీద కారును నిలిపి, గేరులో ఉంచి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు అడ్డు పెట్టవలెను. చక్రపు నట్లను నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తరువాత జాకీతో ఎత్తవలెను. ఎత్తిన వెంటనే ఇనుప స్టాండు మీద ఆనించవలెను. కేవలం జాకీని నమ్మి పని చేయరాదు. ఇటుకలను స్టాండుగా వాడరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

చక్రం తీసి, మధ్యనున్న మూతను, స్ప్లిట్ పిన్నును తొలగించి, హ్యాండ్ బ్రేకు వేసి గాడుల నట్టును విప్పవలెను. ఆపై హ్యాండ్ బ్రేకు వదలి డ్రమ్మును లాగవలెను. లోపలి ధూళిని నోటితో ఊదరాదు. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు హానికరం. తడిగుడ్డతో తుడవవలెను.

పాత బేరింగులు ఏ ముఖం ఎటువైపు ఉన్నవో గుర్తు పెట్టుకొని, స్పేసరును కొంచెం ప్రక్కకు జరిపి, ఇత్తడి కడ్డీతో చుట్టూ మార్చిమార్చి తట్టితే అవి వెలికి వస్తాయి.

బిగించే విధానం

ఈ పని అంతటికీ ఆయువుపట్టు ఒక్కటే. క్రొత్త బేరింగును డ్రమ్ములోనికి దించేటప్పుడు దెబ్బ వెలుపలి రింగు మీదనే పడవలెను. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా పోయి, అవి దొర్లే దారిలో సన్నని గుంటలు పడతాయి. క్రొత్త బేరింగు కొద్ది రోజులకే హోరుమనడానికి తరచుగా ఇదే కారణం. వెలుపలి రింగుకు సరిపడే ఇనుప గొట్టాన్ని ఆనించి నెమ్మదిగా తట్టవలెను. బేరింగు అడుగుకు చేరగానే సుత్తి శబ్దం మారుతుంది, అక్కడితో ఆపవలెను.

రెండవ బేరింగుకు ముందు స్పేసరును తప్పక పెట్టవలెను. అది లేకుండా నట్టు బిగిస్తే ఆ ఒత్తిడి గుండ్ల మీద పడి బేరింగులు పాడవుతాయి. తెరిచి ఉన్న బేరింగులకు చక్రాల గ్రీజు పట్టించవలెను. అతిగా నింపితే వేడెక్కుతుంది. బ్రేకు షూలకు గ్రీజు అంటరాదు.

నట్టును సర్వీసు పుస్తకంలో చెప్పిన బిగువు మేరకు టార్క్ పానాతో బిగించవలెను. పిన్ను రంధ్రం కుదరకపోతే వెనుకకు వదలక, తరువాతి గాడి వరకు ముందుకు బిగించవలెను. పని ముగిశాక బ్రేకు పరీక్షించి, కొన్ని కిలోమీటర్లు మెల్లగా నడిపి, రెండు డ్రమ్ముల వేడిని పోల్చవలెను. చక్రపు నట్లను మరొకసారి సరిచూడవలెను.

ఇరుసు నీలిరంగుకు మారినా, అరిగినా, బేరింగు డ్రమ్ములో చేతితోనే జారిపోయేంత వదులుగా ఉన్నా ఇంటి వద్ద బాగుచేయుటకు ప్రయత్నించరాదు. క్రొత్త బేరింగు వేసినా అక్కడ నిలువదు. అట్టి కారును అనుభవజ్ఞుడైన మెకానిక్కుకు చూపించిన తరువాతనే కుటుంబంతో ప్రయాణం చేయవలెను.