మీకు తెలుసా? చర్ల నుంచి ఎవరెస్టుకు, భద్రాచలం నుంచి కౌలాలంపూర్‌కు

భద్రాచలం చుట్టూ సరిహద్దులు ఎన్ని మెలికలు తిరిగాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 2014లో ఊరు తెలంగాణలో ఉండిపోయింది, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. ఈ మారుమూలకీ ఒలింపిక్స్‌కీ ఏం సంబంధం అంటారా? ఉంది. కాకపోతే కాస్త చుట్టరికం కలపాలి.

◆ కొండలెక్కినవాళ్లకు కూడా ఒకప్పుడు ఒలింపిక్ పతకాలు ఇచ్చారు. 1924లో ఫ్రాన్స్‌లోని షామోనీలో మొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు, అంతకు రెండేళ్ల ముందు ఎవరెస్టు మీదికి వెళ్లిన బ్రిటిష్ బృందాన్ని పర్వతారోహణ పతకాలతో గౌరవించారు. తమాషా ఏమిటంటే ఆ బృందం శిఖరం చేరనేలేదు. 1922 జూన్ 7న మంచు విరిగిపడి, మూటలు మోసే కూలీలు ఏడుగురు చనిపోయారు. వాళ్ల పేరున కూడా పతకాలు దక్కాయి. బృందం తరఫున వాటిని అందుకున్న ఎడ్వర్డ్ స్ట్రట్, ఒక పతకాన్ని ఎలాగైనా శిఖరం మీదికి చేరుస్తామని మాటిచ్చాడు. ఆ మాట చెల్లడానికి 88 ఏళ్లు పట్టింది. 2012లో కెంటన్ కూల్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు వాటిలో ఒకదాన్ని పైకి తీసుకెళ్లాడు.

1922 బృందం వెళ్లింది టిబెట్ వైపు నుంచి. 2014 మే 25న అదే ఉత్తరపు వైపు నుంచి శిఖరం ఎక్కినవాళ్లలో ఇద్దరు మన పిల్లలు: అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలం కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటున్నవాళ్లే. ఇద్దరూ రాళ్లెక్కడంలో ఓనమాలు దిద్దింది భువనగిరి గుట్ట మీద. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. 16 ఏళ్లు నిండనివాళ్లకు నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ దారి పట్టారు. ఒకరకంగా అదే మంచిదైంది. ఆ ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు, అటువైపు యాత్రలు ఆగిపోయాయి. పూర్ణ మీద హిందీలో సినిమా కూడా వచ్చింది. ఆనంద్ పేరు మాత్రం మన్యం దాటితే ఎంతమందికి గుర్తుంది? ఒకే రోజు ఒకే శిఖరం ఎక్కిన ఇద్దరిలో ఒకరినే గుర్తుపెట్టుకోవడం న్యాయం కాదు.

◆ అడవి బిడ్డలను వింత జంతువుల్లా నిలబెట్టి పోటీలు పెట్టిన చరిత్ర కూడా ఒలింపిక్స్‌కు ఉంది. 1904లో సెయింట్ లూయిస్‌లో ఒలింపిక్స్‌తో పాటు పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ ప్రదర్శనకు తెచ్చిన ఫిలిప్పీన్స్ గిరిజనులు, జపాన్ ఐనూలు, ఆఫ్రికా పిగ్మీలు, పటగోనియన్లు, అమెరికా ఆదివాసులతో ఆగస్టు 12, 13 తేదీల్లో పరుగులు తీయించారు, బరువులు విసిరించారు, బాణాలు వేయించారు. నియమాలు సరిగా చెప్పలేదు, సాధనకు సమయమూ ఇవ్వలేదు. ఆపైన, వీళ్లు తెల్లవాళ్లకు సాటిరారని తేల్చేశారు! ఆధునిక ఒలింపిక్స్‌కు ఆద్యుడైన కూబర్టిన్ కూడా దీన్ని మెచ్చలేదు. అదే ఏడాది మారథాన్‌లో దక్షిణాఫ్రికా నల్లజాతీయుడు లెన్ తౌన్యానే, దారిలో కుక్క వెంటబడి తరిమినా తొమ్మిదో స్థానంలో వచ్చాడు.

◆ 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో భారత్ హాకీలో తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ధ్యాన్‌చంద్ పేరు అందరికీ తెలుసు. ఆ జట్టు కెప్టెన్ ఎవరు? జైపాల్ సింగ్, ముండా ఆదివాసి. ఆయన ఫైనల్ ఆడలేదు, జట్టును మధ్యలోనే వదిలి వెళ్లిపోయాడు. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గొంతెత్తింది ఈయనే.

◆ ఇక విల్లు సంగతి. భూమి పండుగకు ఇక్కడి కోయ గిరిజనులు విల్లంబులు పట్టుకుని వేటకు వెళతారు. అడవిలో ఎక్కుపెట్టే బాణానికీ ఒలింపిక్ బాణానికీ చాలా తేడా ఉంది. ఒలింపిక్స్‌లో గురి 70 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని వెడల్పు 122 సెంటీమీటర్లు, పది పాయింట్లు ఇచ్చే నడిమి వలయం 12.2 సెంటీమీటర్లే. అడవి విల్లు పట్టిన చేయి అంతర్జాతీయ పోటీల్లో గురి కొట్టగలదా? రాజస్థాన్ ఆదివాసి లింబారాం కొట్టి చూపించాడు. 1980లలో కేంద్రం గిరిజన ప్రాంతాల్లో ప్రతిభాన్వేషణ చేసినప్పుడు దొరికిన కుర్రాడతను. 1992లో బీజింగ్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 30 మీటర్ల విభాగంలో 360కి 358 పాయింట్లు సాధించి ప్రపంచ రికార్డును సమం చేశాడు.

తెలుగునాట అంతర్జాతీయ విలుకాళ్లకు పుట్టిల్లు మన్యం కాదు, విజయవాడ. వెన్నం జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ అక్కడివాళ్లే. ధీరజ్, అంకిత భకత్ జోడీ 2024 పారిస్‌లో కాంస్య పోరు దాకా వెళ్లి ఓడింది. విలువిద్యలో భారత్‌కు ఒక్క ఒలింపిక్ పతకమూ లేదు మరి. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన పిల్లలకు క్రీడా పాఠశాల ఉంది. అలాంటివి చర్లలో, దుమ్ముగూడెంలో కూడా ఉండాలి. బడి దగ్గరకే కోచ్ రావాలి, మంచి విల్లు రావాలి.

◆ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన సురేఖకు ఒలింపిక్స్‌లో పోటీపడే అవకాశమే ఇంతవరకూ దొరకలేదు. ఆమెది కప్పీలుండే కాంపౌండ్ విల్లు, దానికి ఒలింపిక్స్‌లో ఇంతవరకూ చోటులేదు. 2028లో మిక్స్‌డ్ టీమ్ విభాగంతో కాంపౌండ్ విల్లు తొలిసారి అక్కడ అడుగుపెడుతోంది.

◆ మహిళల అండర్-19 టీ20 ప్రపంచ కప్‌లో తొలి సెంచరీ భద్రాచలంలో పుట్టిన అమ్మాయిది. గొంగడి త్రిష 2025 జనవరి 28న స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్, పైగా మూడు వికెట్లు. స్కాట్లాండ్ జట్టంతా కలిసి చేసింది 58. ఫిబ్రవరి 2న కౌలాలంపూర్ దగ్గర దక్షిణాఫ్రికాతో ఫైనల్లో మళ్లీ మూడు వికెట్లు, 44 నాటౌట్. మొత్తం 309 పరుగులు, 7 వికెట్లతో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది. 2023లో తొలి కప్పు గెలిచిన జట్టులోనూ ఆమె ఉంది. తండ్రి రామిరెడ్డి భద్రాచలంలో ఫిట్‌నెస్ శిక్షకుడిగా ఉండేవాడు. కూతురి ఆట కోసం కుటుంబం హైదరాబాద్‌కు మకాం మార్చింది. ఆ స్తోమత, ఆ తెగింపు ఎన్ని ఇళ్లకు ఉంటాయి?

◆ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఇప్పటికి ఒక్కసారే ఆడారు, అదీ ఒక్కటే మ్యాచ్. 1900లో పారిస్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ జట్లు పన్నెండేసి మందితో తలపడ్డాయి. బ్రిటన్ 158 పరుగుల తేడాతో గెలిచింది. 128 ఏళ్ల తర్వాత, 2028లో లాస్ ఏంజెలిస్‌లో టీ20గా తిరిగొస్తోంది. మహిళల్లో ఆరు జట్లకే చోటు. ఆ ఒలింపిక్స్ ఆరంభం జూలై 14న. అప్పటికి త్రిషకు 22 ఏళ్లు.