విడదీయదగిన అట్టపళ్లెములు

తెలుగునాట విందులలో విస్తరి ప్రక్కన దొన్నె పెట్టుదురు. పులుసో పాయసమో దొన్నెలో ఉండుటచే కావలసినవారికి దానిని వేరుగా అందించవచ్చును. వలదన్నవారి విస్తరి పాడు కాదు. ఒకే అట్టముక్కతో తయారై, అవసరమైనప్పుడు అరలు అరలుగా విడిపోవు పళ్లెము చేయవలసిన పనియు ఇదే.

ఆకలి అందరికిని ఒక్కటి కాదు. పెద్ద పళ్లెములోని ఆహారమునంతయు వేడిచేసి, సగము తిని, మిగిలినది బయట వదలినచో అందులో సూక్ష్మజీవులు పెరుగును. చివరకు దానిని పారవేయవలసి వచ్చును. అరలు విడివడునవైనచో ఒక్క భాగమును వేడిచేసికొని, తక్కినవాటిని మూత తీయకయే శీతలపేటికలో ఉంచవచ్చును.

అరల లెక్క

అరలన్నియు సమానముగా ఉండనక్కరలేదు. 50 గ్రాముల అరలతో 350 గ్రాముల వరకు వడ్డించుటకు 7 అరలు కావలెను. 50, 100, 200 గ్రాముల అరలు మూడే ఉన్నను 50 నుండి 350 వరకు ప్రతి 50 గ్రాముల మెట్టును పొందవచ్చును: 150కి మొదటి రెండు, 250కి మొదటిది, మూడవది, 350కి మూడును. కొద్ది తూనికరాళ్లతో పెక్కు బరువులు తూచు సూత్రమే ఇది.

కోత, మడత

అట్టను ఒకచోట కోయుట, వేరొకచోట మడతగీత నొక్కుట అను రెండు పనులను ఒకే అచ్చుతో చేయు పద్ధతిని 1879లో అమెరికాలోని బ్రూక్లినులో రాబర్టు గేర్ కనుగొనెను. సంచులు తయారగుచుండగా మడతగీత నొక్కవలసిన లోహపు పట్టీ జరిగి, సంచులను కోసివేసినది. ఆ పొరపాటే ఆయనకు దారి చూపినది. విడదీయు గీతకు తపాలాబిళ్ల మంచి ఉదాహరణ. హెన్రీ ఆర్చరు యత్నముల ఫలితముగా 1854లో బ్రిటనులో బిళ్లల మధ్య రంధ్రముల వరుసలు వచ్చినవి. అంతకుముందు కత్తెర పట్టవలసి యుండెను.

పళ్లెములో గీత పొడవునను 3 మి.మీ. కోసి, 1 మి.మీ. వదలుదురనుకొందము. ఆ వదలిన భాగము 'కట్టు'. అరల నడుమ అంచు 120 మి.మీ. ఉన్నచో కట్లు 30 ఉండును. ఈ గీత మోయునప్పుడు తెగరాదు, విడదీయునప్పుడు తెగవలెను. ఈ రెండు కోరికలును ఎట్లు తీరును?

బలముల పరీక్ష

12 సెం.మీ. చదరపు అరలు రెండు, ఒక్కొక్క దానిలో 200 గ్రాముల ఆహారము, గోడ ఎత్తు 4 సెం.మీ. అనుకొందము. అట్ట ఒక అర గోడగా పైకి లేచి, శిఖరమున మడత తిరిగి, రెండవ అర గోడగా క్రిందికి దిగును. కట్ల గీత ఆ శిఖరముననే ఉండును. అరచేతిని నడుమ క్రింద ఉంచి పళ్లెమును ఎత్తినచో ప్రతి అర బరువును గీతకు 6 సెం.మీ. దూరమున పనిచేయును. 200ను 6తో గుణించి, గోడ ఎత్తయిన 4తో భాగించగా గీతపై 300 గ్రాముల లాగుడు తేలును. 30 కట్లు దానిని పంచుకొనగా ఒక్కొక్క దానికి 10 గ్రాములే. పొడి అట్టకు ఇది స్వల్పము.

విడదీయునప్పుడు ఒక కొననుండి చింపుదురు. అప్పుడు లాగుడంతయు దాదాపు మొదటి కట్టుపైననే పడును. అది తెగిన పిమ్మట రెండవదానిపై పడును. అదే 300 గ్రాములు ఒక్క కట్టుపై పడినచో భారము 30 రెట్లు. చీలిక కొన వద్ద బలము పోగుపడునను సత్యమును ఆధారము చేసికొనియే గీత రెండు కోరికలను తీర్చుచున్నది.

అయితే పళ్లెమును రెండు చివరల పట్టి ఎత్తినచో అంతే బలము తలక్రిందుగా పనిచేయును. శిఖరము బందువలె తిరిగి, అరల అడుగులు ఎడమగును. అడుగున కట్లు లేనందున ఈ లాగుడును ఆపునది లేదు. అందుచే రెండు అరలను చుట్టి ఒక అట్టపట్టీ తొడుగవలెను. తినువేళ దానిని జార్చివేసి అరలను చింపవచ్చును.

గీతను అడుగుననే ఉంచరాదా? కాగితపు నారలను పట్టి ఉంచు ఉదజని బంధములను నీరు సడలించును. తడిసిన కాగితము బలములో చాల భాగము కోల్పోవును. పూత ఎంత మంచిదైనను కోసిన అంచుకు పూత ఉండదు. పులుసు అక్కడనుండియే లోనికి ప్రాకును. శిఖరమున గీత పొడిగా ఉండును.

నారలు, పూతలు

అట్ట తయారగునప్పుడు నారలు ఎక్కువగా యంత్రము నడచు దిక్కునకు అమరును. ఆ దిక్కున అట్ట బిగువు హెచ్చు, చీలిక సూటిగా పోవును. కనుక పళ్లెపు నారలు గీతకు సమాంతరముగాను, చుట్టుపట్టీ నారలు గీతకు అడ్డముగాను ఉండుట మేలు.

పూత విషయమున వేడిని మరువరాదు. మామూలు పాలిథీను సుమారు 110 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగును. అట్టి పళ్లెము పొయ్యిపెట్టెకు తగదు. పాలియెస్టరు పూత సుమారు 200 డిగ్రీల వరకు ఓర్చుకొనును. భారతదేశమున 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు నిషేధింపబడినవి. అట్టకు గిరాకి కలదు గాని, ప్లాస్టిక్ పూత అంటిన అట్టను తిరిగి గుజ్జు చేయుట కష్టము. పూత ఎంత పలుచనైన అంత మేలు.

విద్యార్థులు పాత వార్తాపత్రికను నిలువుగా ఒకసారి, అడ్డముగా ఒకసారి చింపి చూచినచో నారల దిక్కు తెలియును. పిదప దళసరి కాగితముపై సూదితో రంధ్రముల వరుసలు పొడిచి, రంధ్రముల ఎడము మార్చుచు, ఏది మోయునో ఏది సులభముగా చిరుగునో పోల్చవచ్చును.