నెట్ ఆగింది ఏ అంచెలో?

అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లో వానలు మొదలయ్యాక చెట్టుకొమ్మ తీగలమీద పడటం, కరెంటు పోవడం, గంటకో రెండు గంటలకో తిరిగి రావడం మామూలే. కరెంటు వచ్చాక రౌటర్‌లో దీపాలు వెలుగుతాయి. ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా కనబడుతుంది. నెట్ మాత్రం రాదు. విశాఖపట్నంలో అయితే కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే ఆ రోజో మర్నాడో మనిషి వచ్చి చూస్తాడు. ముంచింగిపుట్టు, పెదబయలు మండలాల్లో లోపలి ఊళ్లకు అదే మనిషి రావాలంటే వాన తెరిపివ్వాలి, రోడ్డు బాగుండాలి, వాహనం దొరకాలి. ఈలోగా పింఛను దరఖాస్తు, పిల్లల చదువు, దుకాణంలో ఫోన్‌పే చెల్లింపులు అన్నీ ఆగిపోతాయి.

అందుకే రౌటర్ సెట్టింగుల పేజీ (బ్రౌజర్‌లో 192.168.1.1 వంటి చిరునామా వేస్తే తెరుచుకునేది) చదవడం పట్నంలో కన్నా కొండమీద ఎక్కువ అవసరం. ఆ పేజీలో కనబడే మాటలు భయపెడతాయి గానీ అవి చెప్పేది ఒక వరుసలో ఉంటుంది. ఇంటికి నెట్ ఐదు అంచెల్లో వస్తుంది: వెలుగు, దారి, ప్రవేశం, చిరునామా, పేర్లు. ఒకటి కుదిరితేనే దాని తరువాతిది పనిచేస్తుంది. ఏ అంచె దగ్గర ఆగిందో తెలిస్తే సగం మరమ్మతు అయినట్టే.

కొండెక్కిన గాజు తీగ

కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ పథకం తరువాత భారత్‌నెట్‌గా మారి, పంచాయతీలకు ఫైబర్ అనే గాజు తీగను చేర్చే పని చేపట్టింది. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ మరో పద్ధతి ఎంచుకుంది. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలతో మొదలయ్యే ఆ పథకంలో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే తీగలో వచ్చాయి. రాతి నేలను తవ్వడం ఎంతో ఖర్చయ్యే కొండ ప్రాంతాలకు స్తంభాల పద్ధతి కలిసివచ్చేదే. కాకపోతే గాలివానకు కరెంటు తీగ ఎంత లోకువో ఈ తీగా అంతే లోకువ.

ఈ కొండలున్న అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభమైన 100 సెల్ టవర్లలో 85 ఈ జిల్లాలోనివే. అంతవరకూ ఇక్కడ సిగ్నల్ కొరత ఎంత ఉండేదో ఆ ఒక్క అంకె చెబుతుంది.

దూరం వల్ల నెట్ నెమ్మదిస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి అరకుకు ఘాట్ రోడ్డు మీదుగా దాదాపు 115 కిలోమీటర్లు. ఆ దూరం దాటడానికి వెలుగుకు పట్టేది సెకనులో రెండువేలవ వంతు కన్నా కొంచెం ఎక్కువ. కొండ ఎత్తు, మలుపులు వేగాన్ని తగ్గించవు. ఆటంకం ఎక్కడైనా ఉంటే అది కింది ఐదు అంచెల్లోనే వెతకాలి.

మొదటి అంచె: వెలుగు

శుద్ధమైన గాజు పోగులో వెలుగును ఎన్నో కిలోమీటర్లు పంపవచ్చని 1966లో చార్లెస్ కావ్ లెక్కగట్టి చెప్పారు. దానికే 2009లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇప్పుడు ఇళ్లకు వచ్చే జీపాన్ పద్ధతిలో ఆపరేటర్ కేంద్రం నుంచి ఒక్క పోగు బయలుదేరుతుంది. దారిలో స్ప్లిటర్ అనే చిన్న డబ్బా దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. కేంద్రం నుంచి ఇంటికి 1490 నానోమీటర్ల వెలుగు వస్తే, ఇంటి నుంచి 1310 నానోమీటర్ల వెలుగు తిరిగి వెళుతుంది. రంగులు వేరు కనుక రెండూ ఒకే పోగులో ఎదురెదురుగా పోయినా కలిసిపోవు.

సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ లేదా ఆర్‌ఎక్స్ పవర్ అనే చోట మైనస్ 19, మైనస్ 24 వంటి అంకె ఉంటుంది. దాని కొలమానం డీబీఎం. మూడు తగ్గినప్పుడల్లా వెలుగు సగమవుతుంది. 32 ఇళ్లకు పంచడంలోనే సుమారు 17 పోతుంది, పది కిలోమీటర్ల తీగలో మరో మూడు పోతుంది. మైనస్ 27 దాటి ఇంకా తగ్గితే రౌటర్ పెట్టె ఆ వెలుగును నమ్మకంగా చదవలేదు. అప్పుడు నెట్ వస్తూ పోతూ ఉంటుంది, లేదా ఎల్‌ఓఎస్ అని రాసివున్న చోట ఎర్ర దీపం వెలుగుతుంది.

ఎర్ర దీపం వెలిగితే ఏ పాస్‌వర్డ్ మార్చినా ప్రయోజనం లేదు. మేకుకు చుట్టిన తీగ బిగుసుకుందా, తలుపు సందులో నలిగిందా, కొస పెట్టెలోకి పూర్తిగా దిగిందా అని చూడాలి. గాజు పోగు పదునుగా వంగితే వెలుగు వంపు దగ్గర బయటికి జారిపోతుంది. పెన్సిలంత సన్నటి వంపు కన్నా అరచేయంత వెడల్పు చుట్ట మేలు. తీగ కొసలోకి కన్ను పెట్టి చూడకూడదు. ఆ వెలుగు కంటికి కనబడదు, హాని మాత్రం చేయగలదు.

రెండో అంచె: దారి

ఒకే పోగులో టీవీ, ఫోన్, ఇంటర్నెట్ వస్తున్నప్పుడు దేని సమాచారపు మూట (ప్యాకెట్) దానికి చేరాలి. అందుకు ప్రతి మూట మీద ఒక అంకె ముద్రిస్తారు. అదే వీలాన్ ఐడీ. 1 నుంచి 4094 దాకా ఏదైనా ఉండవచ్చు. అది ఎంత ఉండాలో ఆపరేటరే నిర్ణయిస్తాడు. కనుక పక్క జిల్లా బంధువు ఇంట్లో పనిచేసిన అంకె మీ ఇంట్లో పనిచేయకపోవచ్చు. ఈ గడిలో ఒక్క అంకె తేడా వచ్చినా దీపం పచ్చగానే ఉంటుంది, నెట్ మాత్రం రాదు. టీవీ వస్తూ నెట్ ఒక్కటే ఆగితే ఈ అంచెను, దీని తరువాతి అంచెను అనుమానించాలి.

దీని పక్కనే రౌట్, బ్రిడ్జ్ అని రెండు పద్ధతులు కనబడతాయి. రౌట్‌లో ఆపరేటర్ ఇచ్చిన పెట్టే లాగిన్ చేసి నెట్ తెస్తుంది. బ్రిడ్జ్‌లో అది వెలుగును మామూలు సంకేతంగా మార్చి ఊరుకుంటుంది, మీరు కొన్న రెండో రౌటర్ లాగిన్ చేయాలి. రెండు పెట్టెలూ లాగిన్‌కు ప్రయత్నిస్తే సాధారణంగా ఒకటే గెలుస్తుంది.

మూడో అంచె: ప్రవేశం

చాలా కనెక్షన్లలో ఈ గడికి పీపీపీఓఈ అని పేరు. టెలిఫోన్ తీగమీద డయల్ చేసి నెట్ వాడిన రోజుల్లోని లాగిన్ పద్ధతిని 1999లో బ్రాడ్‌బ్యాండ్‌కు అనువుగా మలిచారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఆపరేటర్ ఇస్తాడు. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రౌటర్ పేజీ తెరిచే పాస్‌వర్డూ కాదు. ఈ మూడూ వేర్వేరు. ఒకటి మార్చబోయి మరొకటి మార్చడం చాలా ఇళ్లలో నెట్ ఆగడానికి కారణం.

కరెంటు పోయి వచ్చినప్పటి చిక్కు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. రౌటర్ ఒక్కసారిగా ఆరిపోతే తాను వెళ్లిపోతున్నానని ఆపరేటర్ కేంద్రానికి చెప్పదు. అక్కడి యంత్రం ఆ ఇల్లు ఇంకా లోపలే ఉందనుకుంటుంది. కరెంటు రాగానే రౌటర్ మళ్లీ అదే పేరుతో వెళితే, ఒక పేరుకు ఒక్క లాగిన్నే ఒప్పుకునే చోట ఆ యంత్రం తిప్పి పంపేస్తుంది. పాత లెక్క చెరిగిపోయేదాకా కొన్ని నిమిషాలు పడుతుంది. కనుక పాస్‌వర్డ్ తప్పని చూపించినా వెంటనే మార్చకండి. రౌటర్ స్విచ్ ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ వేయండి.

మరో గుర్తు: కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి. మామూలు మూట పరిమాణం 1500 బైట్లు. పీపీపీఓఈ తన గుర్తుల కోసం అందులో 8 బైట్లు తీసుకుంటుంది. ఎంటీయూ అనే గడిలో 1492 ఉండాల్సిన చోట 1500 ఉంటే పెద్ద మూటలు దారిలో పడిపోవచ్చు, చిన్నవి చేరతాయి.

నాలుగో అంచె: చిరునామా

లాగిన్ అయ్యాక రౌటర్‌కు వాన్ ఐపీ అనే చిరునామా వస్తుంది. స్టేటస్ పేజీలో అక్కడ 0.0.0.0 అని ఉంటే లోపం మూడో అంచెలో గానీ అంతకు ముందు గానీ ఉంది. అంకెలు వచ్చి ఉంటే ప్రవేశం దొరికినట్టే.

పాత పద్ధతి (ఐపీవీ4) చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లు. పంచడానికి ప్రపంచ స్థాయిలో మిగిలినవి 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. అందుకే ఇంట్లోని ఫోన్లు, టీవీ, కంప్యూటర్ అన్నీ ఒకే బయటి చిరునామాను పంచుకుంటాయి. ఆశ్రమ పాఠశాలలో పిల్లలందరికీ ఉత్తరాలు బడి చిరునామాకే వచ్చి, వార్డెన్ పేరు చూసి పంచినట్టు, రౌటర్ వచ్చిన ప్రతి మూటనూ అడిగిన పరికరానికి అందిస్తుంది. లోపలి చిరునామాలు సాధారణంగా 192.168తో మొదలవుతాయి. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆపరేటర్ కూడా ఇలాగే ఎన్నో ఇళ్లకు ఒక చిరునామా పంచుతున్నాడని అర్థం. మామూలు వాడకానికి అడ్డులేదు. కాఫీ తోట షెడ్డులో కెమెరా పెట్టి బయటి ఊరి నుంచి నేరుగా చూడాలంటే మాత్రం ఇబ్బంది వస్తుంది. దానికి విరుగుడు ఐపీవీ6 అనే కొత్త పద్ధతి చిరునామాలు. మనదేశంలో సగానికి పైగా వాడుకదారులు ఇప్పటికే ఆ పద్ధతిలో ఉన్నారు. ఆపరేటర్ ఇస్తుంటే రౌటర్‌లో ఆ గడి తెరిచి ఉంచండి.

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చిరునామా 169.254తో మొదలైతే తప్పు బయట లేదు. ఇంట్లో రౌటరే చిరునామాలు పంచడం ఆపింది. డీహెచ్‌సీపీ అనే గడి ఆగి ఉందేమో చూడాలి.

ఐదో అంచె: పేర్లు

మనం పేర్లు టైపు చేస్తాం, యంత్రాలు అంకెలతో మాట్లాడతాయి. పేరు చెబితే అంకె చెప్పే పట్టికే డీఎన్‌ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించారు. వాన్ ఐపీ బాగానే ఉండి, ఏ సైటూ తెరుచుకోకుండా, వాట్సాప్ సందేశాలు మాత్రం వస్తుంటే ఈ పట్టికను అనుమానించవచ్చు. డీఎన్‌ఎస్ గడిలో 8.8.8.8 లేదా 1.1.1.1 వేసి చూడండి. ఇవి గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలు అందరికీ ఉచితంగా ఇచ్చేవి. ఇది సురక్షితంగా మార్చి చూడదగిన గడి. ఫలితం లేకపోతే పాతదే వేసేయవచ్చు.

చేయకూడనిది, చేసుకోవలసినది

రౌటర్ వెనక సన్నటి రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. నెట్ రానప్పుడు పిన్నుతో దాన్ని నొక్కి పట్టుకోవడం చాలామందికి అలవాటు. పది సెకన్లలో వీలాన్ అంకె, లాగిన్ పేరు, పాస్‌వర్డ్ అన్నీ చెరిగిపోవచ్చు. అంతవరకూ ఒక అంచెలో ఉన్న లోపం మూడు అంచెలకు పాకుతుంది. పట్నంలో అది ఒక పూట నష్టం. కొండమీద వారం పట్టవచ్చు. ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు. మొదటిది ఎన్నిసార్లైనా చేయండి, రెండోది ఆపరేటర్ చెబితేనే చేయండి.

పిడుగుల వేళ పవర్ అడాప్టర్‌ను ప్లగ్ నుంచి తీసేయడం మంచిది. గాజుకు కరెంటు పారదు గానీ, అడాప్టర్‌కు వచ్చే కరెంటు తీగకు పారుతుంది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే కొన్ని ఫైబర్ కేబుళ్లలో బలం కోసం స్టీలు తీగ కూడా ఉంటుంది.

కొత్త కనెక్షన్ పెట్టిన రోజే ఒక అట్టముక్క మీద ఇవి రాయించుకోండి: సెట్టింగుల పేజీ చిరునామా (192.168.1.1 వంటిది), దాని పాస్‌వర్డ్, పద్ధతి రౌటా బ్రిడ్జా, వీలాన్ అంకె, పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఎంటీయూ, నెట్ బాగున్నప్పటి ఆప్టికల్ పవర్ అంకె. చివరిది ముఖ్యం. మొదటి రోజు మైనస్ 20 ఉండి ఇవాళ మైనస్ 26 ఉంటే వెలుగు నాలుగో వంతుకు పడిందని, తీగలోనో అతుకులోనో లోపం పెరుగుతోందని ముందే తెలుస్తుంది. అట్టను పెట్టె మీద అతికించకుండా పాస్‌బుక్‌తో పాటు దాచండి.

నెట్ ఆగినప్పుడు ఆపరేటర్‌కు ఫోన్ చేసి “నెట్ రావడం లేదండీ” అని ఒక్క మాట చెబితే అతడు మనిషిని పంపాలి, లేదా పంపలేక వాయిదా వేయాలి. “ఎర్ర దీపం లేదండీ, ఆప్టికల్ పవర్ మైనస్ 21, వాన్ ఐపీ సున్నాలు, లాగిన్ ఫెయిల్ అంటోంది” అని చెబితే అది ఖాతా సమస్యో లాగిన్ సమస్యో అని కూర్చున్నచోటే చూసి సరిచేయగలడు. ఎర్ర దీపం ఉందని చెబితే తీగ అతికే సరంజామాతో సిద్ధంగా బయలుదేరతాడు. రెండు ప్రయాణాలు ఒక్కటవుతాయి.

ఈ వివరాలు డబ్బు కట్టే ఇంటివాళ్లకు చెందినవి. కనెక్షన్ ఇచ్చేటప్పుడే తెలుగులో రాసి ఇవ్వడం ఆపరేటర్ల మర్యాద కావాలి. ఊరి సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు, ఆశ్రమ పాఠశాలల్లో పైతరగతుల విద్యార్థులు ఈ ఐదు అంచెలూ ఒక పూటలో నేర్చుకోగలరు. ఒక పంచాయతీలో ఇద్దరికి ఇది వస్తే చాలు, వానాకాలంలో ఆ ఊరు బయటి మనిషి కోసం ఎదురుచూసే రోజులు బాగా తగ్గుతాయి. తీగ కొండెక్కించడానికి ఏళ్లు పట్టింది. దాన్ని నిలబెట్టుకునే తెలివి ఊళ్లోనే ఉండేలా చూడటం మిగిలిన పని. అది ఈ వానాకాలం లోపే మొదలుపెట్టవచ్చు.